పసికందునకు ఇంగ్లీషువారి పేర్లు

కొంతకాలము క్రిందట ఒక పల్లెలో రచ్చబండపై కూర్చుండిన వృద్ధుడొకడు నా చేతికి ఒక కాగితము నిచ్చి, "నాయనా, ఇది కాస్త చదివి చెప్పుము. మా అమ్మాయి పట్టణపు ఆసుపత్రిలో ప్రసవించి నిన్ననే ఇల్లు చేరినది. బిడ్డకు ఇంకను బారసాల కాలేదు. మేము పేరు పెట్టక మునుపే ఆసుపత్రివారు బేబీ యని పేరు పెట్టినారట. ఇది యేమి చోద్యము?" అని యడిగెను.

కాగితము చూచితిని. పైభాగమున 'బేబీ ఆఫ్' అని వ్రాసి దానిప్రక్కన తల్లి పేరు వ్రాసియున్నారు. కొంచెము క్రిందుగా 'న్యూబార్న్' అని యున్నది. టీకాల పట్టికలో 'ఇన్‌ఫెంట్' అని యున్నది. చిట్టచివర వైద్యుడు తన చేతివ్రాతతో 'నియొనేట్' అని వ్రాసినాడు. నేను ఈ నాలుగు మాటలును చదివి, నాల్గింటి యర్థమును పసిబిడ్డయే యని చెప్పగా ఆ పెద్దమనిషి నవ్వి, "మూరెడు లేని బిడ్డకు నాలుగు పేర్లా! ఒక్కటి చాలదా?" అనెను. ఆనాడు నేను చెప్పిన సమాధానము నాకే తృప్తి కలిగింపలేదు. అందుచే నేడు దానిని సావకాశముగ చెప్పదలచితిని.

పెద్దలారా! అప్పుడే పుట్టిన బిడ్డను ఒక జాతివారు ఏమని పిలుతురో విచారించినచో, ఆ జాతివారి యాశలును, భయములును, ధర్మాధర్మములును కొంతవరకు బయటపడును. మనవారు పసికందు అందురు, పసిగుడ్డు అందురు, నెత్తురుగుడ్డు అందురు, చంటిబిడ్డ అందురు, పొత్తిళ్లలోని బిడ్డ అందురు. ఒక్కొక్క మాట బిడ్డను ఒక్కొక్క వైపునుండి చూచుచున్నది. ఇంగ్లీషువారి మాటలును అట్టివే. వారి భాషలో ఈ మాటలు ఒక్కనాడు పుట్టినవి కావు. పదునాలుగు వందల యేండ్ల చరిత్ర వానియందు పొరలు పొరలుగా నున్నది.

అన్నిటికంటె పాతవి రెండు మాటలు. ఒకటి 'బేర్న్', రెండవది 'ఛైల్డ్'. ప్రాచీనాంగ్లమున మొదటిదానిని 'బెఆర్న్' అనియు, రెండవదానిని 'చిల్డ్' అనియు పలికెడివారు. బేర్న్ అనగా మోయబడినది, కనబడినది యని యర్థము. మోయుట, కనుట యను రెండర్థములుగల 'బేర్' అను క్రియనుండి అది పుట్టినది. ఈ క్రియయు, మన సంస్కృతములోని 'భృ' ధాతువును ఒక్క తల్లి బిడ్డలు. మనము భారము, భరించుట అనునప్పుడు ఆ ధాతువునే వాడుచున్నాము. సంస్కృతమునకును గ్రీకు లాటిను భాషలకును గల చుట్టరికమును సర్ విలియం జోన్సు 1786లో కలకత్తా నగరమున చదివిన యుపన్యాసములో ప్రకటించెను. నాటినుండి ఇట్టి బంధుత్వములు ఎన్నియో వెలికివచ్చినవి. మన తెలుగు వేరొక కుటుంబమునకు చెందినదే. అయినను మనము నిత్యము వాడు సంస్కృత పదముల ద్వారమున ఆ బంధుత్వము మన యింటి గడపను గూడ తాకుచున్నది.

బేర్న్ అను మాట దక్షిణ ఇంగ్లండులో మరుగుపడినది కాని, స్కాట్లండులోను ఉత్తర ఇంగ్లండులోను నేటికిని ఇంటింట వినబడును. స్కాట్లండు పడమటి భాగమున, గ్లాస్గో ప్రాంతమువారు 'వేన్' అందురు. 'వీ' అనగా చిన్న, 'ఏన్' అనగా ఒకటి. రెండును కలిసి 'చిన్నది' అని యర్థము. మన యిండ్లలో "చిన్నది నిద్రపోయినదా?" అని యడుగుట వంటిదే యిది.

ఛైల్డ్ అను మాటను నేడు పది పండ్రెండేండ్ల పిల్లవానికిని వాడుచున్నారు. మొదట అది ప్రధానముగ గర్భములోని బిడ్డకును, అప్పుడే పుట్టిన బిడ్డకును చెల్లెడిది. దీనికి చుట్టమైన గోథిక్ భాషాపదమునకు గర్భము అని యర్థము. ఆ పూర్వార్థము పూర్తిగా పోలేదు. గర్భవతిని 'విత్ ఛైల్డ్' అనుటయు, ప్రసవమును 'ఛైల్డ్‌బర్త్' అనుటయు అందలి శేషములే. దీని బహువచనము 'చిల్డ్రన్' విచిత్రమైనది. పూర్వము రకారము చేర్చి బహువచనము చేసిరి. అది బహువచనమన్న సంగతి జనులు మరచి, దానిపై మరల 'ఎన్' అను ప్రత్యయము తగిలించిరి. మనము బిడ్డలు అను మాటకు మరల 'లు' చేర్చి 'బిడ్డలులు' అనిన ఎట్లుండునో అట్లున్నది. పండితులు దిద్దవలెనన్నను జనుల నోట నాటిన మాట కదలదు.

ఇక 'బేబ్', 'బేబీ' అను మాటలు. వీనికి తల్లిభాష వెదుకవలసిన పని లేదు. నోరు తెరచి పెదవులు కలుపునప్పుడు పసిబిడ్డ చేయు 'బ బ' ధ్వనియే వీనికి మూలమని పండితుల యభిప్రాయము. పదుమూడవ శతాబ్దమునాటి ఇంగ్లీషులో 'బాబన్' అను రూపము కనబడుచున్నది. పిమ్మట బేబ్ వచ్చినది. దానికి ముద్దు ప్రత్యయము చేర్చగా బేబీ యైనది. తక్కిన మాటలు పెద్దలు బిడ్డకిచ్చినవి. ఈ మాట బిడ్డయే పెద్దలకిచ్చినది. పదునారు, పదునేడు శతాబ్దములలో బేబీ యనగా బొమ్మ యనియు నర్థముండెడిది. 1611లో ముద్రితమైన బైబిలు అనువాదములో, పశువులతొట్టిలో పరుండిన శిశువును బేబ్ అనియే పిలిచిరి. అందుచే ఆ మాటకు కొంత గాంభీర్యము చేకూరినది. నేడు సామాన్య సంభాషణలో ఆ గాంభీర్యము పోయి, బేబ్ అనునది పడుచువారు ప్రేమతో పిలుచుకొను మాటగ మిగిలినది. బేబీ మాత్రము ఇంటిమాటయై నిలిచినది. మన దేశమునకు వచ్చి, ఆడపిల్లలకు ముద్దుపేరై, సినిమాలలో బాలనటి పేరునకు ముందు బిరుదమై కూర్చున్నది.

'ఇన్‌ఫెంట్' అను మాట ఇంటిమాట కాదు, కచ్చేరీమాట. ఇది లాటినునుండి ఫ్రెంచి ద్వారమున వచ్చినది. 'ఇన్' అనగా లేదు, 'ఫాన్స్' అనగా మాటలాడునది. మాటలు రానిది యని భావము. బేర్న్ అనువారు బిడ్డను తల్లి వైపునుండి చూచిరి. బేబీ యనువారు బిడ్డ నోటి ధ్వనిని వినిరి. ఇన్‌ఫెంట్ అనువారు బిడ్డకు లేనిదానిని చూచిరి. అందుచేతనే ఈ మాట ధర్మశాస్త్రమువారికి నచ్చినది. న్యాయస్థానములో తన మాట చెల్లనివాడు ఇన్‌ఫెంట్. ఇంగ్లండు న్యాయములో ఇరువదియొక్క సంవత్సరములు నిండువరకు మీసములు వచ్చినవాడును ఇన్‌ఫెంటే. 1969లో చేసిన శాసనముతో ఆ వయస్సును పదునెనిమిదికి తగ్గించి, ఇన్‌ఫెంట్ అనుటకు బదులుగ 'మైనర్' అనవచ్చునని చెప్పిరి. 1422లో ఆరవ హెన్రీ తొమ్మిదినెలల బిడ్డగా ఇంగ్లండు సింహాసనమున కధిపతి యయ్యెను. ఆ రాజు రెండు విధములను ఇన్‌ఫెంటే. మాటలు రానివాడు, తన మాట చెల్లనివాడు.

ఈ మాట సంతానము చిత్రమైనది. స్పెయిను రాజపుత్రులను 'ఇన్‌ఫాంటే' అందురు. ఇటలీలో ఇదే మాట పడుచువాడను నర్థమున వాడుకలోనికి వచ్చి, గుఱ్ఱము లేక కాలినడకను పోరు పడుచువాండ్రకు చెల్లినది. దానినుండి పదాతిదళమునకు 'ఇన్‌ఫెంట్రీ' యను పేరు కలిగినది. తల్లి యొడిలోని బిడ్డకును, తుపాకి పట్టిన సిపాయికిని పేరు ఒక్క మూలమునుండి వచ్చినదన్న ఎవరు నమ్ముదురు?

పెద్దలారా! ఇంతవరకు చెప్పినవి ముచ్చటగొలుపు మాటలు. ఇక దుఃఖము నిండిన మాటలు కొన్ని చెప్పవలసియున్నది. వానిని విడిచినచో ఈ చరిత్ర సగమే యగును.

1538లో ఎనిమిదవ హెన్రీ మంత్రి థామస్ క్రామ్‌వెల్ ఆజ్ఞచేత, ఇంగ్లండులో ప్రతి చర్చిలోను బాప్తిస్మములు, వివాహములు, ఖననములు వ్రాయు పుస్తకములు మొదలైనవి. ఆ పుస్తకములో జననము వ్రాయరు, బాప్తిస్మము వ్రాయుదురు. బిడ్డ బ్రతుకదను భయము కలిగినప్పుడు మంత్రసానియే బాప్తిస్మ మీయవచ్చును. బిడ్డ పూర్తిగా భూమిమీద పడక మునుపే, ఆడదో మగవాడో తెలియక మునుపే, ఆమె యిట్లు చేయుట కలదు. అట్టి బిడ్డకు 'క్రీచర్' అని పేరు పెట్టెడివారు. అనగా దేవుడు సృజించిన ప్రాణి. పదునారవ శతాబ్దపు చర్చిపుస్తకములలో ఈ పేరు కనబడుచున్నది. అట్టివారిలో బ్రతికి, పెరిగి, ఆ పేరుతోనే పెండ్లియాడినవారును గలరు.

మరియొక మాట 'క్రిజమ్'. బాప్తిస్మ సమయమున బిడ్డకు కప్పు తెల్లని వస్త్రమునకు ఆ పేరు. ఒక మాసములోపల బిడ్డ చనిపోయినచో ఆ తెల్లబట్టతోనే చుట్టి పాతిపెట్టెడివారు. అట్టి బిడ్డను 'క్రిజమ్ ఛైల్డ్' అనిరి. పుట్టినందుకు కప్పిన వస్త్రమే పోయినందుకును కప్పుట! 1552నాటి ప్రార్థనాగ్రంథములో ఆ వస్త్రపు కర్మమును తీసివేసిరి. కాని జనుల నోట ఆ మాట నిలిచినది. లండను నగరమున వారము వారము ప్రకటించు మరణపట్టికలలో 'క్రిజములు, ఇన్‌ఫెంటులు' అను శీర్షిక యొకటి యుండెను. 1632వ సంవత్సరపు పట్టికలో ఆ శీర్షిక క్రింద 2268 మంది యున్నారు. చచ్చి పుట్టినవారును గర్భస్రావములును 445. పండ్లు వచ్చునప్పటి బాధలతో పోయిరని చెప్పబడినవారు 470. పురిటిలో పోయిన తల్లులు 171. ఆ యేడు లండనులో పాతిపెట్టినవారి మొత్తము సుమారు తొమ్మిదిన్నర వేలు. బట్టల వర్తకుడైన జాన్ గ్రాంట్ అనునతడు ఈ పట్టికలను కూర్చి 1662లో ఒక గ్రంథము ప్రకటించెను. నూరుగురు బిడ్డలలో ముప్పదియారుగురు ఆరేండ్లు నిండక మునుపే పోవుచున్నారని అందులో అంచనా వేసెను. జనసంఖ్యాశాస్త్రమునకు ఆ గ్రంథము మొదటి మెట్టు. ఆ మెట్టు పసిబిడ్డల సమాధులపై కట్టబడినదని మనము మరువరాదు.

బ్రతికియు దిక్కులేని బిడ్డలకు వేరొక మాట గలదు. అది 'ఫౌండ్లింగ్', అనగా దొరికిన బిడ్డ. ఇందలి 'లింగ్' అను ప్రత్యయము చిన్నతనమును తెలుపును. పాలు త్రాగు బిడ్డను 'సక్లింగ్' అందురు. ప్రియమైనదానిని 'డార్లింగ్' అందురు. ప్రియమైన బిడ్డకును, పారవేయగా దొరికిన బిడ్డకును ఒక్కటే ప్రత్యయము! థామస్ కోరమ్ అను నావికుడు లండను వీథులలో విడువబడిన శిశువులను చూచి హృదయము కరగి, పదునేడేండ్లు ధనికుల గుమ్మములు తిరిగి, 1739లో రాజశాసనము సంపాదించి, ఫౌండ్లింగ్ హాస్పిటల్ అను ఆశ్రయమును స్థాపించెను. 1741లో తొలుత బిడ్డలను చేర్చుకొనిరి. వచ్చు తల్లులు ఎక్కువ, చోటు తక్కువ. అందుచే ఒక సంచిలో రంగుబంతులు వేసి తల్లులచేత తీయించెడివారు. తెల్లబంతి వచ్చిన బిడ్డను చేర్చుకొందురు. ఎఱ్ఱబంతి వచ్చిన వేచియుండవలెను. నల్లబంతి వచ్చిన బిడ్డను ఎత్తుకొని వెనుకకు పోవలెను. చేర్చుకొన్న బిడ్డకు పాత పేరు తీసివేసి క్రొత్త పేరు పెట్టెడివారు. ఎన్నడైన తిరిగివచ్చి తన బిడ్డను గుర్తింపవలెనని తల్లి ఒక గుడ్డముక్కయో, నాణెమో, గుండీయో గుర్తుగా విడిచిపోయెడిది. ఆ గుర్తులు నేటికిని లండనులో భద్రముగా నున్నవి. 1756 మొదలు 1760 వరకు పార్లమెంటు ధనమిచ్చి, వచ్చిన ప్రతి బిడ్డను చేర్చుకొనుమని చెప్పగా, దాదాపు పదునైదువేలమంది చేరిరి. వారిలో పదివేలకు పైగా మరణించిరి. దయ చాలదు, పాలును శుభ్రతయు వైద్యమును గూడ కావలెనని ఆ నాలుగేండ్లు నేర్పినవి.

తల్లిదండ్రులకు వివాహము లేక పుట్టిన బిడ్డను న్యాయశాస్త్రము 'ఫీలియుస్ నుల్లియుస్' అనెను. లాటినులో దాని కర్థము 'ఎవరి బిడ్డయు కానివాడు'. కన్నతల్లి ఎదుట నిలిచియుండగా ఎవరి బిడ్డయు కాదనుట ఎంత క్రూరము! 1926లో చేసిన శాసనమువలన, తరువాత తల్లిదండ్రులు వివాహమాడినచో అట్టి బిడ్డలలో చాలమందికి న్యాయ్యత కలిగినది. 1987నాటి శాసనముతో మిగిలిన భేదములును చాలవరకు తొలగినవి. ఇక 'కిడ్' అనగా మేకపిల్ల. సామాన్యజనులు దానిని పిల్లవానికి పరిహాసముగ వాడిరి. పదునేడవ శతాబ్దమున అమెరికా తోటలలో కూలికై పిల్లలను దొంగిలించి ఓడలకు అమ్ముట జరుగుచుండెడిది. ఆ దొంగతనమునకు 'కిడ్నాప్' అని పేరు వచ్చినది. మేకపిల్లను కాజేయుట వంటి పని యని భావము. నేడు కిడ్ అనునది తల్లిదండ్రులే నిరభ్యంతరముగ పలుకు మాట. కిడ్నాప్ మాత్రము ఆ పాపమును మోయుచునే యున్నది.

పసిబిడ్డను ఇంగ్లీషువారు 'ఇట్' అనుట విని మనవారిలో కొందరు, "మనిషిని పట్టుకొని వస్తువును చెప్పినట్లు చెప్పుదురేమి?" అని యాశ్చర్యపడుదురు. ఇది నిందకాదు. ప్రాచీనాంగ్లమున చిల్డ్ అను శబ్దము నపుంసకలింగము. సంస్కృతమున అపత్యము అను శబ్దమును నపుంసకమే. మనము బిడ్డ ఏడ్చుచున్నది, శిశువు నవ్వినది అని చెప్పుటలేదా? ఐనను నేటి ఇంగ్లీషులో ఒక మర్యాద గలదు. బిడ్డ ఆడదో మగవాడో తెలియునంతవరకే ఇట్ అనవచ్చును. తెలిసిన పిమ్మట తల్లి యెదుట అట్లనుట పాడి కాదు.

ఇంగ్లండు వేల్సులలో 1837 జూలై మొదటి తేదీనుండి ప్రభుత్వమే జననమరణములు వ్రాయించుట మొదలుపెట్టినది. అయినను చచ్చి పుట్టిన బిడ్డను వ్రాసెడివారు కారు. 'స్టిల్‌బార్న్' అనగా కదలక పుట్టినది. ఆ బిడ్డకు జననమును లేదు, మరణమును లేదు. తొమ్మిదినెలలు మోసిన తల్లి కడుపుకోతకు ప్రభుత్వపు పుస్తకములో ఒక్క పంక్తి లేదు. 1927నుండి అట్టి బిడ్డలను గూడ నమోదు చేయుచున్నారు.

ఇరువదవ శతాబ్దమున వైద్యులు క్రొత్తమాట యొకటి వాడుకకు తెచ్చిరి. అదియే వృద్ధుని కాగితము చివరనున్న నియొనేట్. పుట్టిన మొదటి ఇరువదియెనిమిది దినముల శిశువునకు అది పేరు. పూర్వము క్రిజమ్ అనిన వయస్సే ఇది. 1952లో అమెరికా వైద్యురాలు వర్జీనియా ఆప్గార్, బిడ్డ పుట్టిన నిమిషమునకే గుండె, ఊపిరి, కండరముల బిగువు, స్పందన, దేహపు రంగు అను ఐదింటిని చూచి, ఒక్కొక్కదానికి రెండు మించకుండ గుణములు వేయు పద్ధతి నేర్పరచి, మరుసటి యేడు ప్రకటించెను. ఊపిరి యాడని బిడ్డను చూచి, పోయినదని ప్రక్కన పెట్టు కాలము పోయి, ఊపిరి యందించు కాలము వచ్చినది. 1960లో షాఫర్ అను వైద్యుడు ఈ శాస్త్రశాఖకు 'నియొనేటాలజీ' యని పేరు పెట్టెను. ఇందొక విశేషము గలదు. గ్రీకులోని 'నియోస్' మన 'నవ' శబ్దమే. లాటినులోని 'నాటుస్', పూర్వరూపమున 'గ్నాటుస్', మన 'జాత' శబ్దమే. నియొనేట్ అనగా అక్షరాల నవజాత. పరదేశపు మాటయని బెదరిన మాట తీరా చూడగా మన యింటి చుట్టమే!

ఇప్పుడు ఆ పెద్దమనిషి ప్రశ్నకు సమాధానము చెప్పవచ్చును. ఇంగ్లీషువారు ఇంటిలో బేబీ యందురు. దాదులు దానినే పేరువలె వాడి, బేబీ పాలు త్రాగెనా యని యడుగుదురు. గణాంకములలో ఏడాది నిండని బిడ్డ ఇన్‌ఫెంట్. విమానపు టిక్కెట్టులో రెండేండ్లు నిండని బిడ్డ ఇన్‌ఫెంట్. ఇంగ్లండు పాఠశాలలో ఐదారేండ్ల పిల్లలకును ఆ పేరే. న్యూబార్న్ అనునది అప్పుడే పుట్టినదని తెలుపు నిరాడంబరమైన మాట. నియొనేట్ వైద్యుని మాట. ఇవి వేషములే కాని బిడ్డకు పేరులు కావు. 'బేబీ ఆఫ్' అను మాటకు 'ఫలానా తల్లి బిడ్డ' యని మాత్రమే యర్థము.

ఐనను ఒక జాగ్రత్త చెప్పవలెను. మన దేశమున 1969లో చేసిన జననమరణముల నమోదు శాసనము ప్రకారము బిడ్డ పుట్టిన ఇరువదియొక్క దినములలో నమోదు కావలెను. అప్పటికి పేరు పెట్టకున్నను బాధ లేదు. పండ్రెండు మాసములలోపల రుసుము లేకయే పేరు వ్రాయింపవచ్చును. ఆ పిమ్మట పదునైదేండ్లవరకు రుసుము చెల్లించి వ్రాయింపవచ్చును. బారసాలలో పేరు పెట్టితిమి, చాలునని ఊరకుండినచో, ప్రభుత్వపు పుస్తకములో ఆ చోటు ఖాళీగనే యుండును. బడిలో చేర్చునాడును, ఆస్తి పంచునాడును ఆ ఖాళీ బాధించును. ఇంటి పెద్దలైనవారు బియ్యముపై పేరు వ్రాయించుటతో ఆగక, ఆ పేరును పుస్తకమునకును ఎక్కింపవలెను. మన శాసనములో జననమనగా చచ్చి పుట్టుటయు చేరియున్నది. ఆ దుఃఖమును గూడ దాచక వ్రాయించుట ధర్మము. లెక్కకు వచ్చిన బాధకే మందు దొరకునని లండను పట్టికలు మనకు నేర్పినవి.

క్రిజమ్ అను మాట నేటి ఇంగ్లీషు యువకునికి తెలియదు. నిఘంటువులో వెదకిన గాని దొరకదు. ఒక మాట చచ్చినదని మనము విచారింతుము. ఈ మాట చచ్చినందుకు మాత్రము సంతసింపవలెను. మాసము నిండక మునుపే బిడ్డలు పోవుట అరుదైనచో, అట్టి బిడ్డకు వేరుగ పేరు అక్కరలేదు గదా! మన భాషలోను అట్టి దుఃఖపు మాటలు ఒక్కొక్కటే మరుగుపడి, పసికందు, చంటిపాప యను మాటలు మాత్రము ఇంటింట చిరకాలము నిలుచుగాక!